మొదటి మేకు మీది అంకెలు

గోడగడియారం నాలుగు కొట్టి పది నిమిషాలైంది. అయిదు కొట్టేసరికి అనురాధ పేరు పోలీసు స్టేషనుకు చేరి తీరాలన్నది గోపయ్య పట్టుదల. నడుమ మిగిలిన యాభై నిమిషాలే డిటెక్టివ్ బీరన్నకు దొరికిన గడువు.

ఫిర్యాదు కాగితం బల్ల మీద సిద్ధంగా ఉంది. కాగితం మీద గాజుగుండు, గాజుగుండు మీద గోపయ్య అరచెయ్యి, అరచేతి నిండా గోపయ్య కోపం. సూర్యాపేటలో పశువుల మందులమ్మే ‘శుభోదయ ఏజెన్సీస్’కు ఆయన యజమాని. ఆయన కుర్చీ వీపున ఒక పట్టుశాలువా, మడత నలగకుండా, మనిషికంటే మర్యాదగా కూర్చుని ఉంది.

బల్లకు ఇవతల అనురాధ. కోదాడలో ఇంటి నుంచే ఆమె ఉద్యోగం. ఊళ్ల నుంచి ఫోన్లందుకోవడం, అక్కడి కంప్యూటరులోంచి సూర్యాపేట కంప్యూటరులోకి వెళ్లి, ఏ ఊళ్లో ఎన్ని గొర్రెలకు టీకాలు వెయ్యాలో నమోదు చెయ్యడం. ఎనిమిది నెలల పాపను అత్తగారి ఒళ్లో పెట్టి బస్సెక్కి వచ్చింది. గడప దాటకుండా చేసుకోగల కొలువు ఆ చుట్టుపట్ల మరొకటి లేదు. దొంగ అన్న మాట ఒకసారి అంటుకుంటే గడప దాటి చేసుకునే కొలువు కూడా దొరకదు.

అత్తగారి తప్పిపోయిన బర్రెను వెతికిపెట్టిన పరిచయం కొద్దీ ఆమె బీరన్నను పిలిచింది. ఆరేళ్ల వృత్తి జీవితంలో బీరన్న ఎన్నో మందల జాడ తీశాడు; ఎన్నో పెళ్లి సంబంధాల గుట్టు విప్పాడు. కంప్యూటరు నేరం మాత్రం ఇదే మొదలు. ఆ యంత్రాన్ని ఎటువైపు నొక్కితే వెలుగుతుందో ఆయనకు తెలియదు. తెలియదన్న సంగతి కళ్లలో కనబడకూడదని నల్లకళ్లద్దాలు పెట్టుకున్నాడు.

“ఇందులో విచారించడానికేముందండీ?” అన్నాడు శ్రీనాథ్. కోదాడలో కంప్యూటర్ల దుకాణం అతనిది. ఈ ఏర్పాటంతా చేసిపెట్టినవాడూ అతనే, దొంగ అనురాధ అని తేల్చినవాడూ అతనే. సెప్టెంబరు ఉక్కలో కూడా మెడకు టై. “వరుసగా మూడు బుధవారాలు. పదకొండు నలభై, పదకొండు నలభై రెండు, పదకొండు ముప్పై ఎనిమిది. మూడుసార్లూ అనురాధగారి పేరుతోనే శుక్రవారం శిబిరాల పట్టిక తెరుచుకుంది. మర్నాడు గురువారం పొద్దున్నే ఆ ఊళ్లలో మన పోటీదారు ‘పాలవెల్లి’ వాళ్ల బండి దిగింది. మనవాళ్లు శుక్రవారం వెళ్లేసరికి గొర్రెలన్నిటికీ సూదులైపోయాయి. లాగ్ అబద్ధం చెప్పదండీ.”

“జర ఆగు సారూ. లాగ్ అంటే?”

శ్రీనాథ్ పెదవి కొస మీద ఒక నవ్వు మొలిచింది. “ఎవరు ఎప్పుడు లోపలికొచ్చారో కంప్యూటరే రాసుకునే చిట్టా.”

“కావలిపుస్తకమన్న మాట. మంచిగుంది. అది ఎవలొచ్చిండ్రో రాస్తదా, ఎవలి పేరు జెప్పుకొని ఒచ్చిండ్రో రాస్తదా?”

మొలిచిన నవ్వు అక్కడే వాడింది. “పేరొక్కటే చాలదండీ. దీన్ని వీపీఎన్ అంటారు. కోదాడ నుంచి ఇక్కడిదాకా ఇంటర్నెట్టులో ఎవరికీ కనబడని సొరంగం. దాని తలుపు తెరవాలంటే పేరు కావాలి, పాస్‌వర్డు కావాలి, ఆ పైన టోకెన్ మీది ఆరంకెలు కావాలి. ఆ అంకెలు నిమిషానికొకసారి మారిపోతాయి. అగ్గిపెట్టెంత టోకెన్, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. నేనే స్వయంగా ఇచ్చాను. బయటివాడికి అసాధ్యం!”

“గింత చిన్న ముచ్చటకు డిటెక్టివ్ ఎందుకయ్యా?” గోపయ్య గాజుగుండును పక్కకు జరిపాడు. “బీరన్నా, నువ్వు గొర్లను ఎతుకు. ఇది సైన్సు.”

బీరన్న జేబులోంచి నాలుగు మడతల పేపరుముక్క తీసి బల్ల మీద పరిచాడు. కరెంటు కోతల వేళలు. సూర్యాపేటకు ఆరు నుంచి ఎనిమిది. కోదాడకు పది నుంచి పన్నెండు. మిర్యాలగూడకు పన్నెండు నుంచి రెండు.

“అమ్మా అనురాధా, ఈ నెలల కోదాడ కరెంటు ఈ లెక్క తప్పిందా?”

“ఒక్కరోజు కూడా తప్పలేదు సర్. పది కొట్టగానే పోతుంది. అందుకే నా పనంతా తొమ్మిదింటికే మొదలుపెడతాను.”

“మరి పదకొండు నలభైకి నీ కంప్యూటర్ దేనితోటి నడిచింది?”

“ఇన్వర్టర్ ఉండొచ్చు కదండీ,” అన్నాడు శ్రీనాథ్.

“మా ఇంట్లో ఇన్వర్టర్ అంటే విసనకర్రేనండీ,” అంది అనురాధ. పొద్దుటి నుంచి ఆమె గొంతులో అదే మొదటి పదును.

శ్రీనాథ్ తగ్గలేదు. తన ముందున్న తెరను ఆమె వైపు తిప్పాడు. “లాప్‌టాప్‌కి కరెంటెందుకండీ, బ్యాటరీ ఉంటుంది! చూడండి, పొద్దున తొమ్మిదింటికి డెస్క్‌టాప్. పదకొండు నలభైకి లాప్‌టాప్. నేను మీకోసం సిద్ధంచేసి పంపిన లాప్‌టాపే. మీ పేరూ పాస్‌వర్డూ అందులో నేనే దాచి పెట్టాను, ప్రతిసారీ కొట్టుకునే బాధ లేకుండా.”

“నాకు లాప్‌టాప్ ఎవరిచ్చారు?” అనురాధ తెల్లబోయింది. “నాకొచ్చింది ఆఫీసులోని పాత డెస్క్‌టాపే. కీబోర్డులో రెండు మీటలు ఊడిపోయాయి కూడా.”

గోపయ్య దగ్గాడు. చిన్నగా రెండుసార్లు, పెద్దగా ఒకసారి. నోటుపుస్తకంలో బీరన్న రాసుకున్నాడు: ‘నాలుగు ఇరవై రెండు. మొదటి దగ్గు.’

“ఇగ నీ టోకెన్ తియ్యమ్మా, సూద్దాం.”

“నా దగ్గరెక్కడుంది సర్? ఆఫీసులోనే ఉంటుంది.”

శ్రీనాథ్ కుర్చీలోంచి లేచాడు. లేవడంలో టై కొస బల్లసొరుగులో ఇరుక్కుంది. “ఆఫీసులోనా? నేను చేతికిచ్చిన టోకెన్ ఆఫీసులో ఉండటమేమిటి?”

“నేనే పెట్టిచ్చిన,” అన్నాడు గోపయ్య, ఛాతీ విప్పి. “ఎవలి చేతికి వాళ్లకిస్తె బస్సులల్ల, పెండ్లిండ్లల్ల పోగొడ్తరు. అందుకే మూడూ ఒక్కతాన భద్రం జేసిన. రాండ్రి, సూద్దురు.”

నలుగురూ పక్కగదిలోకి నడిచారు.

బీరన్న గడప దగ్గరే ఆగి గదిని చూశాడు. ఎడమ గోడకు దేవుడి పటం, దాని పక్కనే అద్దాల పెట్టె. పెట్టెలో మూడు మేకులు, మేకులకు మూడు టోకెన్లు. మూడింటికీ పసుపు పూసి కుంకుమ పెట్టారు. పెట్టెకు ఇత్తడి తాళం. తాళంచెవి పోకూడదన్న జాగ్రత్తతో దాన్ని ఎర్రదారంతో అదే తాళానికి కట్టారు. పెట్టె కింద ముక్కాలిపీట, పీట పక్కన కిటికీలో ఆఫీసు ఫోను. ఫోను నుంచి పీటకు రెండడుగులు. పీట మీద వక్కాకుల చిక్కం సంచి, కండ్లజోడు. వాటి నడుమ, ఇవన్నీ తనవే అన్నట్టు, సైదమ్మ. ఆ ఆఫీసుకు ఊడ్పూ ఆమే, చాయా ఆమే.

“సైదమ్మా, ఈ అంకెలు కోదాడకు ఎట్ల పోతయి?”

“ఎట్ల పోతయి సారూ, ఫోన్ల పోతయి. వాళ్లు ఫోన్ జేస్తరు, నేను సదివి జెప్త. మొదటి మేకు అనురాధమ్మది, రెండోది మిర్యాలగూడ స్టీఫెన్ సారుది, మూడోది మన గోపయ్య సారుది.”

శ్రీనాథ్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. “అమ్మా! ఇది రెండంచెల భద్రతమ్మా!”

“అవు సారూ, రెండే,” అంది సైదమ్మ శాంతంగా. “ఒకటి అద్దం, ఒకటి తాళం.”

“చూశారా?” శ్రీనాథ్ బీరన్న మీదికి తిరిగాడు. “నా సొరంగంలో లోపం లేదు. లోపమంతా ఈ మేకుల్లో ఉంది. అయినా అంకెలు అడిగింది అనురాధగారే కదండీ? ఈవిడే చదివి వినిపించింది. సాక్ష్యం ఇంకా బలపడింది!”

“నువ్వీ ఏర్పాటు జేసి ఎన్ని నెల్లయింది సారూ?”

“అయిదు.”

“ఈ అయిదు నెల్లల్ల ఈ అర్రలకు ఒక్కపారన్న ఒచ్చినవా?”

“నా పని సర్వర్ దగ్గరండీ. ఇక్కడ నాకేం పని?”

“అవు మల్ల. సొరంగం నువ్వు తవ్వితివి, తలుపుకాడ ఎవలు గూసున్నరో సూడకపోతివి. మేం గొర్లు తోలెటప్పుడు ముందుగాల దొడ్డికాడికే పోతం. నీది పెద్ద సదువు, కాదంట లేను.”

శ్రీనాథ్ ముఖం టై రంగుకు వచ్చింది. టై ఎరుపు.

గడియారం నాలుగున్నర దాటింది. బీరన్న పీట ముందు గొంతుకూర్చున్నాడు. సైదమ్మ కళ్లూ తన కళ్లూ ఒకే ఎత్తున ఉండేటట్టు. అప్పుడు మాత్రమే నల్లకళ్లద్దాలు తీశాడు.

“ఫోన్ల మాట్లాడేది అసలైన మనిషేనని నీకెట్ల తెలుస్తది?”

“గొంతు గుర్తువడ్త. గొంతు ఒక్కటే నమ్మితె ఎట్ల? కూర గూడ అడుగుత.”

“కూరనా?”

“ఇయ్యాల ఏం కూర అని. ఒట్టిగ అంకెలు జెప్పి పెట్టేస్తె ఏం బాగుంటది సారూ, మనిషి మనిషితోటి మాట్లాడినట్టు ఉండొద్దా? ఉన్న కూర తడుముకోకుంట జెప్తరు. లేని కూర జెప్పాల్నంటె ఎవలైన ఆగుతరు.”

బీరన్న వేళ్ల సందున పెన్ను కదలడం మానేసింది. ఎన్నో మందలు తిరిగిన మనిషి. ఏ మేత ఎక్కడ మేస్తే అడుగు ఎటు పడుతుందో తెలిసిన మనిషి. “గుర్తుంటదా నీకు? పోయిన బుధవారం ముచ్చట జెప్పు.”

“తొమ్మిదైన జరసేపటికి అనురాధమ్మ. దొండకాయ. పాప ఏడుస్తుందని జల్దిగ పెట్టేసింది. పదిన్నరకు స్టీఫెన్ సారు. కోడిగుడ్డు, ఉప్పెక్కువైందన్నడు.”

“నిజమేనా అమ్మా?”

“దొండకాయే సర్,” అంది అనురాధ ఆశ్చర్యంగా. “నాకే గుర్తులేదు, ఇప్పుడు గుర్తొచ్చింది.”

“శ్రీనాథ్ సారూ, జర నీ కావలిపుస్తకం తియ్యి.”

శ్రీనాథ్ తెర తెచ్చి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఇష్టం లేకుండానే చదివాడు. “తొమ్మిది అయిదు, అనురాధ. పది ముప్పై ఒకటి, స్టీఫెన్.”

“అంతకు ముందటి బుధవారం?”

“అనురాధమ్మ పుంటికూర పప్పు. తొమ్మిదింబావు. స్టీఫెన్ సారు ఆ దినం రాలే, జరమొచ్చింది.”

“తొమ్మిది పదహారు, అనురాధ,” చదివాడు శ్రీనాథ్. గొంతు తగ్గింది. “స్టీఫెన్... ఆ రోజు లేడు.”

కంప్యూటరు చిట్టాకూ కూరల చిట్టాకూ నిమిషానికి మించి తేడా లేదు. ఒకటి కరెంటు మీద నడిచింది. ఒకటి కరెంటు పోయినా నడిచింది. బీరన్న మోకాళ్ల మీద చేతులానించి ఇంకాస్త ముందుకు వంగాడు.

“ఇగ అసలుది అడుగుత. పోయిన బుధవారమే, పదకొండు ముప్పై ఎనిమిది. ఎవలో ఫోన్ జేసి మొదటి మేకు అంకెలు అడిగిండ్రు. ఆ దినం కూరేంది?”

సైదమ్మ మొదటిసారి చూపు దించింది. చిక్కంలోంచి ఒక ఆకు తీసింది, ఈనె గిల్లింది, మళ్లీ చిక్కంలో పెట్టింది.

“ఆ ఫోన్ల కూర అడగలే సారూ.”

“దాని ముందలి బుధవారం?”

“అడగలే.”

“ఆ ముందుది?”

“అదీ అడగలే.”

అప్పుడు గోపయ్య దగ్గాడు. చిన్నగా రెండుసార్లు, పెద్దగా ఒకసారి.

బీరన్న లేచి నిలబడ్డాడు. “సైదమ్మ అందర్నీ కూర అడుగుతది. పాలాయన్ను అడుగుతది, పోస్టాయన్ను అడుగుతది. ఇందాక నేనొచ్చినప్పుడు నన్ను గూడ అడిగింది. ఈ ఆఫీసు మొత్తంల సైదమ్మ కూర అడగని మనిషి ఒక్కడే ఉన్నడు. ఎందుకంటె, జీతమిచ్చే మనిషిని ‘ఏం తిన్నవ్’ అని ఎట్ల అడుగుతది?”

నాలుగు జతల కళ్లు ఒకే దిక్కుకు తిరిగాయి. గోపయ్య దేవుడి పటం వైపు చూస్తున్నాడు.

“ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా!” శ్రీనాథ్ కేక వేశాడు.

“నన్నెవలడిగిండ్రు సారూ? ఒచ్చిన దినం నుంచి చాయ్ ఒక్కటే అడిగితిరి.”

“ఏందయ్యా ఇది!” గోపయ్య గొంతు లేచింది. “నేను తెరిస్తె దొంగతనమెట్లయితది? ఆఫీసు నాది, పెట్టె నాది, మేకు గూడ నేనే కొట్టిన!”

“లాప్‌టాప్?”

“అది గూడ నాదే. కోదాడకు పంపుదామనే అనుకున్న. సేతుల పట్టుకుంటె జర బరువుగ, మంచిగనిపిచ్చింది. ఉంచుకున్న. దాంట్ల ఎవలి పేరుందో నాకేమెరుక? మొదటి టోకెన్ అంకెలు కొడితె తెరుసుకుంటదని ఈ శ్రీనాథే జెప్పిండు.”

“అనురాధగారి కోసం చెప్పానండీ!” శ్రీనాథ్ గొణిగాడు.

“తెరిసి ఏం జేసినవ్ గోపయ్య సారూ? బుధవారం పదకొండు నలభైకి ఏడున్నవ్?”

గోపయ్య పక్కగదిలోని తన కుర్చీ వైపు ఒకసారి చూశాడు. తరువాత ముఖంలోకి, దాచుకుందామన్నా దాగని ఒక వెలుగు వచ్చింది. “మిర్యాలగూడల. మందుల వ్యాపారుల సంఘం మీటింగ్ బుధవారం బుధవారం ఉంటది గద. ఆడ నిలవడి, ‘సూడుండ్రి, సూర్యాపేటల నా కంప్యూటర్ల ఉన్నది మిర్యాలగూడల కనవడ్తది’ అని సూపిచ్చిన. సైదమ్మకు ఫోన్ గూడ అందరూ ఇనేటట్టు పెద్దగ పెట్టే జేసిన. నలభై మంది సప్పట్లు కొట్టిండ్రన్నా! మల్ల సూపియ్యమని మల్ల పిలిసిండ్రు. మూడోసారి శాలువా గప్పిండ్రు.”

“తెర మీద ఏం సూపిచ్చినవ్?”

“ఏదో ఒకటి తెరవాలె గద. శుక్రవారం పట్టిక...” మాట సగంలో ఆగిపోయింది. ఆగిన చోటే గోపయ్య నోరు తెరిచి ఉండిపోయింది.

“శాలువా ఎవలు గప్పిండ్రు?”

“సంఘం అధ్యక్షుడు,” అన్నాడు గోపయ్య. “నగేష్ అన్న.”

“నగేష్‌ది ఏం దుకాణం?”

జవాబు అనురాధ చెప్పింది. చాలా మెల్లగా చెప్పింది. “పాలవెల్లి.”

సొరంగం సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా ఎవరికీ కనబడకుండా పోయింది. పోయి సరిగ్గా పోటీదారు ముంగిట్లో, నలభై మంది నడుమ, చప్పట్ల మధ్య తేలింది. శ్రీనాథ్ నీళ్లడిగాడు. సైదమ్మ తెచ్చింది.

“లాప్‌టాప్ ఇప్పుడేడుంది సారూ?” అన్నాడు బీరన్న.

గోపయ్య తల వంచుకున్నాడు. “వాళ్ల ఇంట్ల పిల్లలకు సూపిస్తనన్నడు. అధ్యక్షుడాయె, లేదంటె ఎట్లుంటది? పోయిన బుధవారమే ఇచ్చొచ్చిన.”

రేపు మళ్లీ బుధవారం. ఈ శుక్రవారం చివ్వెంల శిబిరం. ఏడాదిలో అన్నిటికంటే పెద్దది.

నాలుగు యాభై రెండుకు కిటికీలోని ఫోను మోగింది.

అలవాటు కొద్దీ సైదమ్మ అందుకుంది. ఒక్క క్షణం విన్నది. తరువాత రిసీవరు మీద అరచెయ్యి మూసి, కళ్లు పెద్దవి చేసి, ఎదురుగా నిలబడ్డ గోపయ్యను తల నుంచి కాళ్ల దాకా చూసింది.

“సారూ, గోపయ్య సారు మాట్లాడుతుండు. మొదటి మేకు అంకెలు అడుగుతుండు.”

బీరన్న చటుక్కున స్పీకరు మీట నొక్కాడు. ఫోనులోంచి ఒక దగ్గు. చిన్నగా రెండుసార్లు, పెద్దగా ఒకసారి. అసలు గోపయ్య చెయ్యి తన గొంతు మీదికి దానంతటదే పోయింది.

“సైదమ్మా, నేనే. జల్దిగ జెప్పు. ఒక్కటి గాదు, ఇయ్యాల మూడు మేకులయీ కావాలె.”

గొంతు గోపయ్యదే. ఎవరు విన్నా గోపయ్యదే అంటారు. బీరన్న వంగి సైదమ్మ చెవిలో ఒక్క మాట చెప్పాడు. ఆమె భయంగా గోపయ్య వైపు చూసింది. గోపయ్య తల ఊపాడు. అయిదేళ్ల కొలువులో ఆయన్ను ఎన్నడూ అడగని ప్రశ్న సైదమ్మ ఆ పూట అడిగింది.

“సారూ, ఇయ్యాల ఏం కూర?”

అవతల కొంచెం నిశ్శబ్దం. “ఆఁ... వంకాయ, సైదమ్మా. మంచిగుండె. నువ్వు తిన్నవా?”

సైదమ్మ రిసీవరును మళ్లీ మూసింది. “ఈయన గాదు,” అంది ఖాయంగా. “మా సారైతె ‘నీకెందుకే’ అని తిట్టేటోడు. ఈయన మర్యాదగ అడిగిండు. ఈయన దొంగ.”

గోపయ్య ముఖంలో సిగ్గూ కృతజ్ఞతా కలియబడి, ఏది గెలిచిందో తెలియలేదు.

“వెంటనే మూసేస్తానండీ సొరంగం,” అంటూ శ్రీనాథ్ తెర మీదికి వాలాడు.

బీరన్న అతని భుజం మీద చెయ్యి వేశాడు. “మూయకు సారూ. పట్టికల చివ్వెంల కొట్టేసి, ‘పోలీసు స్టేషన్ ఎనక మైదానం, వెయ్యి గొర్లు’ అని రాయి. మొదటి మేకు ఒక్కటి ఉంచి, తక్కిన రెండు మేకుల అంకెలు పనిచేయకుండ జెయ్యి. ఈ పని నాతోని గాదు, నువ్వే జెయ్యాలె.”

శ్రీనాథ్ తల ఊపాడు. టై విప్పి జేబులో పెట్టుకున్నాడు. “అరనిమిషం చాలండీ.”

“సైదమ్మా, జర మెల్లగ సదువు.”

సైదమ్మ మెల్లగా అంటే మెల్లగానే చదివింది. కండ్లజోడు వెతికింది. పెట్టుకుంది. తుడవడానికి మళ్లీ తీసింది. తాళం తీసింది. “నాలుగు... ఉండుండు, కుంకుమ అడ్డమున్నది... నాలుగు, ఏడు... అయ్యో, మారిపాయె సారూ, మల్ల మొదటి నుంచి జెప్త.” అవతలి గోపయ్య పళ్లు కొరికాడు. పళ్లు కొరుకుతూనే “పర్వలే తల్లీ” అన్నాడు. ఆ మాటతో ఇవతలి గోపయ్యకు మిగిలిన అనుమానం కూడా తీరింది.

శ్రీనాథ్ వేలెత్తి సైగ చేశాడు. సైదమ్మ మొదటి మేకు ఆరంకెలూ ఒక్క గుక్కలో చెప్పింది.

అందరూ తెర ముందు మూగారు. బల్ల మీది నుంచి తెచ్చుకున్న ఫిర్యాదు కాగితం గోపయ్య చేతిలో ఉంది. పెన్ను అనురాధ పేరు మీద ఆగి ఉంది, కొట్టెయ్యడానికి ఇంకొక్క రుజువు చాలన్నట్టు.

తెర మీద ఆకుపచ్చ చుక్క వెలిగింది. చుక్క పక్కన పేరు వెలిగింది: అనురాధ లోపలికి వచ్చింది.

తెరకు ఇవతల అనురాధ, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, కదలకుండా కూర్చుని ఉంది. గోపయ్య పెన్ను కదిలింది.

గడియారం అయిదు కొట్టడం మొదలుపెట్టింది.